పాము విషములో మందు గలదా?

కాలువలకు నీరు వదలినది మొదలు కుప్పలు నూర్చువఱకు మన కృష్ణా డెల్టా రైతునకు పాము పొరుగున నుండునదే. గట్టున గడ్డి కోయు చేతికి రక్తపింజరియు, ఎలుక బొరియచెంత త్రాచును, రాత్రి నేలపై పరుండినవానికి కట్లపామును ఎదురగుట మన మెఱిగినదే. 2018వ సంవత్సరము ఆగస్టు మాసమున దివిసీమలో పాముకాట్లు మిక్కుటమై, అవనిగడ్డ ప్రాంతపు పల్లెలు భయపడిన సంగతి సోదరులు మఱచియుండరు. ఇట్టి పాము విషమునుండి సూక్ష్మజీవులను చంపు మందు రాగలదని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఇందు నిజమెంతయో, మనము చేయదగిన దేదియో ఈ పాఠమున తెలిసికొందము.

ముందుగా, క్రొత్తమందు ఏల కావలెను? 1928లో ఫ్లెమింగు పండితుడు పెన్సిలినును కనుగొనెను. చాలీచాలని మోతాదున వాడినచో సూక్ష్మజీవులు ఆ మందునకు తట్టుకొనుట నేర్చునని ఆయనయే 1945లో నోబెలు బహుమాన మందుకొనునపుడు హెచ్చరించెను. నేడు అట్లే జరుగుచున్నది. ఒకే పురుగుమందును మాటిమాటికి చల్లగా పత్తిచేల పురుగు దానికి లొంగకపోవుట మనము చూచినదే గదా! మందుల దుకాణమున నోటిమాటతో రెండు బిళ్ళలు కొని మ్రింగుటయు, రొయ్యల చెరువులో అవసరము లేకున్నను యాంటీబయాటిక్కులు కలుపుటయు ఈ కీడును పెంచును. నిషేధింపబడిన మందుల శేషములు కనబడినందున విదేశములు మన దేశపు రొయ్యల సరకును త్రిప్పిపంపిన సందర్భములును గలవు.

ఇక విషమనగా నేమి? అది ఒక్క పదార్థము గాదు. పెక్కు మాంసకృత్తుల మిశ్రమము. కొన్ని నరములను పట్టును, కొన్ని నెత్తురును చెఱచును, మఱికొన్ని కండను కరగించును. వీనిలో కొన్నింటికి సూక్ష్మజీవులను చంపు శక్తియు గలదు.

రక్తపింజరి విషము పసుపువన్నెగా నుండును. ఆ వన్నెకు కారణమైన పదార్థము ఎల్-అమైనో ఆమ్ల ఆక్సిడేజు అను నొక ఎంజైము. అది గాలిలోని ప్రాణవాయువుతో గూడి పనిచేయునపుడు హైడ్రోజను పెరాక్సైడు పుట్టును. ఆసుపత్రిలో పుండుపై పోసినపుడు తెల్లని నురుగు పొంగు మందు అదియే. సూక్ష్మజీవి దానిచే చచ్చును. ఈ జాతి ఎంజైమునకు ఇట్టి శక్తి గలదని 1970లో అమెరికాఖండపు పాము విషముపై చేసిన పరిశోధన వెల్లడించెను.

రెండవది మన భాషతో సంబంధము గలది. పద్దెనిమిదవ శతాబ్దమున విశాఖపట్టణమున నుండిన పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు ఈ తీరపు పాములను పరిశీలించి, వాని తెలుగు పేర్లతోనే 1796లో గ్రంథము ప్రకటించెను. రక్తపింజరిని ఆయన ‘కాటుక రేకుల పొడ’ అని వ్రాసెను. నేడు ఆంగ్లమున దానికి ఆయన పేరే నిలిచినది. నలుపు, పసుపు పట్టెలు గల ‘బంగారు పాము’ను కూడ అందు వర్ణించెను. ఆ ‘బంగారు’ అను మాటనుండియే కట్లపాముల జాతికి ‘బంగారస్’ అను శాస్త్రనామము వచ్చినది. 2008లో చైనా శాస్త్రజ్ఞులు ఈ బంగారు పాము విషమునుండియే 30 అమైనో ఆమ్లముల చిన్న గొలుసు నొకదానిని వేఱుచేసిరి. అది సూక్ష్మజీవి పైపొరను చీల్చును. పెక్కు మందులకు లొంగని జీవులను సైతము ప్రయోగశాలలో చంపినది.

అయినను సోదరులారా, ప్రయోగశాలలో సూక్ష్మజీవి చచ్చుట వేఱు, రోగి బ్రతుకుట వేఱు. ఇట్టి గొలుసులు మన నెత్తుటిలోని ఎంజైములచే త్వరగా తెగిపోవును. మఱికొన్ని విష పదార్థములు సూక్ష్మజీవితోపాటు మన కణములను గూడ చెఱచును. దక్షిణ అమెరికా పాము విషమును చూచి రూపొందించిన కాప్టోప్రిల్ అను రక్తపు పోటు మందు 1981లో వాడుకకు వచ్చినది. అందును విషమును రోగికి ఇయ్యలేదు. దానిలోని యొక పదార్థపు పోకడను గ్రహించి మందును వేఱుగ తయారుచేసిరి. సూక్ష్మజీవుల విషయమున ఆ పని ఇంకను పరిశోధనలోనే యున్నది. కావున విషము పుండునకు మందని ఎవరేని అమ్మవచ్చినచో నమ్మవలదు. పాముకాటు గాయమును విషమే శుద్ధి చేయునని తలపవలదు. ఆ గాయము చీము పట్టుట తఱచు.

విషమును సక్రమముగ సేకరించు విధానమునకు సహకారోద్యమమే దారి చూపినది. చెన్నపట్టణమునకు దక్షిణమున మహాబలిపురము చెంత ఇరులవారు 1978లో సహకారసంఘముగ నేర్పడిరి. అంతకుముందు తోళ్ళకై పాములను చంపిన చేతులే, ప్రభుత్వ అనుమతితో పామును పట్టి, కొలదిసార్లు విషము తీసి, మరల వదలుచు వచ్చినవి. కాటునకు విఱుగుడగు సూదిమందు తయారీకి ఆ విషము పోవును. ఆ నేర్పునకై ఇరువురు ఇరులవారికి 2023లో పద్మశ్రీ లభించెను. అనుమతి లేక పాములను పట్టుట, విషము అమ్ముట 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి నేరము.

మనము చేయదగినవి నాలుగు. చీకటిలో దీపము లేక చేనికి పోవలదు. రాత్రి నేలపై గాక దోమతెర కట్టిన మంచముపై పరుండవలెను. కాటు పడినచో గాయమును కోయక, నోట పీల్చక, గట్టిగ కట్టు బిగింపక, ఆ యవయవమును కదలనీయక వెంటనే సూదిమందు గల ఆసుపత్రికి చేర్చవలెను. మంత్రమునకై గడియసేపైనను జాగు చేయరాదు. వైద్యుడు చెప్పని యాంటీబయాటిక్కును మనము గాని, పశువులకు గాని, చెరువునకు గాని వాడరాదు.

పొలమున పాము ఎలుకలను తిని పంటను కాచుచున్నది. దాని కోఱలోనిది రేపు మన బిడ్డలకు మందు కావచ్చును. కనబడిన ప్రతి పామును చంపుట ఆ రెంటిని గూడ పోగొట్టుకొనుటయే.