సెలవులు లేని పెద్దలకు వేసవి

ఏటా జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలో ఐదో తరగతి పిల్లలతో 'నా వేసవి సెలవులు' అని ఒక పేజీ రాయిస్తాం. ఆ కాగితాలు దిద్దే పని నాది. ఊటీ, తిరుపతి, అమ్మమ్మగారి ఊరు, ఈత క్లాసు ఎప్పుడూ ఉండేవే. రెండేళ్ళ కిందట ఒక పాప రాసిన మాటల దగ్గర మాత్రం నా ఎర్ర పెన్ను ఆగిపోయింది. "మా అమ్మకు వేసవి ఇష్టం లేదు. అబ్బా ఏం ఎండ, కరెంటు బిల్లు ఎంత వచ్చిందో అని రోజూ అంటుంది" అని రాసింది. అక్షరదోషం ఒక్కటీ లేదు, పూర్తి మార్కులు వేశాను. ఆ రాత్రి తీరిగ్గా గుర్తు చేసుకుంటే, ఆ వేసవంతా మా అబ్బాయి ముందు నేను మాట్లాడిన మాటలు కూడా దాదాపు అవే.

పిల్లలకు ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా ఇంచుమించు ఏడు వారాల సెలవులు. అమ్మానాన్నలకు ఆ ఏడు వారాల్లో దక్కేవి ఏడు ఆదివారాలు. అందులో రెండు పెళ్ళిళ్ళకు పోతాయి, ఒకటి గ్యాస్ స్టవ్ రిపేరుకు పోతుంది. మిగిలిన నాలుగింటి మీద మొత్తం వేసవి భారం పెట్టి, ఒక టూరు ప్లాన్ చేసి, అలసిపోయి తిరిగివస్తాం. టూరు వద్దని కాదు. ఉద్యోగం చేసేవాళ్ళకు వేసవి దొరికేది పని రోజుల్లోనే, అదీ తెల్లవారుజామున ఒక అరగంట, రాత్రి ఒక అరగంట. ఆ రెండు అరగంటల్లో ఏం చేయవచ్చన్నదే ఈ నెల పాఠం.

ఒక మాట ముందే చెప్పాలి. మన తల్లిదండ్రుల్లో ఆర్టీసీ కండక్టర్లున్నారు, ట్రాఫిక్ డ్యూటీ చేసేవారున్నారు, పొలం పనులవారున్నారు. ఎండలో పది గంటలు నిలబడి వచ్చినవారికి 'ఎండను ఆనందించండి' అని చెప్పే ధైర్యం నాకు లేదు. నేను చెప్పేవన్నీ ఎండ లేని వేళల సంగతులే. ఒక్కటి తప్ప. దాని గురించి తర్వాత చెబుతాను.

కుండతో మొదలుపెట్టండి

ఫ్రిజ్ ఉన్న ఇంట్లో కుండ ఎందుకని మావారు అడిగారు. వంద రూపాయల కుండకు ఇంత ఆలోచనా అని నేను కొన్నాను. తెచ్చి వంటింటి మూల పెడితే నీళ్ళు అంతగా చల్లబడలేదు. "చెప్పానా?" అన్నారు. సైన్స్ టీచర్‌ని అయ్యుండి కారణం తట్టడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆ మూలకు గాలి రాదు.

కుండ గోడలో కంటికి కనపడనంత సన్నని రంధ్రాలుంటాయి. వాటి గుండా నీరు బయటికి చెమరుస్తుంది. ఆ తడి ఆవిరి కావాలంటే వేడి కావాలి, అందులో చాలా వరకు లోపలి నీటి నుంచే లాక్కుంటుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీలు కావాలి. (ఇవి ఫిజిక్స్ కేలరీలు, డైటింగ్ కేలరీలు కావు.) లీటరు నీరు 10 డిగ్రీలు చల్లబడాలంటే అందులోంచి 10,000 కేలరీలు బయటికి పోవాలి. భాగించి చూడండి, దాదాపు 17 గ్రాములు వస్తుంది. మూడు నాలుగు టీ స్పూన్ల నీరు ఆవిరైతే లీటరు నీరు చల్లబడుతుందన్నమాట! బయటి వేడి కూడా కుండలోకి చేరుతూనే ఉంటుంది కాబట్టి నిజానికి ఇంకాస్త ఎక్కువే పోతుంది. ఈ లెక్క మీ ఏడో తరగతి అబ్బాయి చేత చేయించండి. పై తరగతిలో బాష్పీభవనం పాఠం వచ్చినప్పుడు వాడికి కుండే గుర్తొస్తుంది.

గాలి ఆడే కిటికీ దగ్గరికి మార్చాక కుండ తన పని తాను చేసింది. కర్నూలు, రామగుండం లాంటి పొడి ఎండల ఊళ్ళలో నీరు బాగా చల్లబడుతుంది. విశాఖ, కాకినాడ వైపు గాలిలోనే తేమ ఎక్కువ కాబట్టి అంత చల్లబడదు, కుండను తప్పుపట్టకండి. కొత్త కుండకు ఒక రాత్రంతా నీళ్ళు పోసి ఉంచి, ఆ నీళ్ళు మొక్కలకు పోసేయండి. బయటి వైపు సబ్బుతో తోమితే రంధ్రాలు పూడిపోతాయి, పీచుతో రుద్ది కడిగితే చాలు. వట్టివేళ్ళు కాసిని గుడ్డలో మూటకట్టి లోపల వేస్తే ఆ వాసనే వేరు. రాత్రి పడుకునే ముందు కుండ నింపడం పిల్లల పని, పొద్దున ఫోన్ చేతిలోకి తీసుకునేలోపు అందులోంచి ఒక గ్లాసు తాగడం మన పని. మా ఇంట్లో వేసవి అలవాట్లన్నీ ఈ గ్లాసుతోనే మొదలయ్యాయి.

పొద్దుటి అరగంట

మే నెలలో 6 లోపే వెలుగొస్తుంది. ఆ వేళ రేల చెట్లు పసుపు గుత్తులతో, తురాయి చెట్లు ఎర్రగా కనిపిస్తాయి. ఆఫీసుకు పోయేటప్పుడు కూడా అవి అక్కడే ఉంటాయి గానీ, అప్పుడు మన కళ్ళు సిగ్నల్ మీద ఉంటాయి. వారానికి రెండు రోజులు చాలు, నడిచి వెళ్ళి ముంజలు కొనుక్కురండి. యాప్‌లో తెప్పించుకోవచ్చు, కాదనను. కానీ బండి దగ్గర నిలబడితే తాటికాయ కొట్టే కత్తి వేటు చూస్తారు, లేత ముంజను బొటనవేలితో పొడిచి నీళ్ళు చిందకుండా తాగడం పిల్లలకు నేర్పుతారు. ముంజలు తీసేసిన రెండు కాయలు అడిగి తెచ్చుకుంటే పుల్ల గుచ్చి బండి చేయవచ్చు. మా అబ్బాయి ఆ బండిని లిఫ్ట్‌లో కూడా నడిపాడు.

మామిడి విషయంలో మనం చేసే పొరపాటు ఒకటుంది. డజన్లకొద్దీ కొని, ముక్కలు కోసి డబ్బాలో పెట్టి, టీవీ ముందు తింటాం. దానికి బదులు వారానికొక రకం పెట్టుకోండి. నంద్యాల జిల్లాలోని బనగానపల్లె పేరు మోసే బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది కోసుకుని తినే పండు. రసాలు కోయకూడదు. మెత్తగా పిసికి, మొన కొరికి పీల్చాలి, మోచేతి దాకా కారాలి. చొక్కా గురించి ఆ పది నిమిషాలు మరిచిపోండి. పుల్లటి కలెక్టర్ కాయకు ఉప్పూ కారం ఉండాల్సిందే. హైదరాబాదువారు హిమాయత్ కోసం ఎదురుచూస్తారు, ధర విని ఒకటే కొంటారు. ఆ ఒక్కటీ నలుగురు పంచుకు తింటే పదికాలాలు గుర్తుంటుంది. ఏ రకమైనా తినే ముందు కాసేపు నీళ్ళలో వేసి ఉంచి, శుభ్రంగా కడగండి.

ఇప్పుడు ఎండలోని ఆ ఒక్క పని. ఏడాదికి రెండు రోజులు మన ఊళ్ళలో మిట్టమధ్యాహ్నం నిటారు వస్తువుకు నీడ పక్కకు పడదు. సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. హైదరాబాదులో అది మే 9న, మధ్యాహ్నం 12 గంటల 12 నిమిషాల ప్రాంతంలో. తిరుపతిలో ఏప్రిల్ చివరి వారంలోనే అయిపోతుంది, విజయవాడలో మే మొదటి వారంలో, విశాఖలో హైదరాబాదు తర్వాత ఒకటి రెండు రోజులకు. ఆఫీసు గేటు బయట నీళ్ళ సీసా నిలబెట్టి రెండు నిమిషాలు చూడండి. ఫొటో తీసి ఇంటికి పంపండి. ఇంటి దగ్గర పిల్లలు గ్లాసు పెట్టి అదే చేస్తుంటారు. వెంటనే లోపలికి వెళ్ళిపోవాలి, తలకు టోపీ మరవకూడదు.

రాత్రి, మేడ మీద

పోయిన మే నెలలో ఒక రాత్రి మా అపార్ట్‌మెంట్‌లో కరెంటు పోయింది. జనరేటర్ కూడా మొరాయించింది. వాచ్‌మన్ దగ్గర మేడ తాళం తీసుకుని పైకి వెళితే, సగం ఫ్లాట్లవాళ్ళు అక్కడే ఉన్నారు. మూడో అంతస్తు పిన్నిగారు ఉదయం కొన్న మల్లెమొగ్గలు గిన్నెతో సహా తెచ్చారు, మాల కడుతుంటేనే విచ్చుకుంటున్నాయి. మావాడు "అమ్మా, ఆ గరిటె ఏంటి?" అన్నాడు.

అది సప్తర్షి మండలం. మే నెలలో రాత్రి 9 ప్రాంతంలో ఉత్తరం వైపు ఎత్తుగా కనిపిస్తుంది. గరిటె కాడలో మధ్య నక్షత్రం వశిష్ఠుడు, దాన్ని అంటుకుని మసకగా ఉండేది అరుంధతి. మా పెళ్ళిలో పట్టపగలు పురోహితుడు చూపిస్తే, ఏమీ కనపడకపోయినా తలూపిన నక్షత్రం అదే. ఆ కాడ వంపునే ముందుకు పొడిగిస్తే నారింజ రంగులో స్వాతి, ఇంకా సాగితే తెల్లని చిత్త. నగరం వెలుతురులో అరుంధతి దొరక్కపోవచ్చు గానీ స్వాతి తప్పకుండా కనపడుతుంది.

నలభై నిమిషాలకు కరెంటు వచ్చింది. అందరూ గబగబా దిగిపోయారు, మేమూ దిగాం. మర్నాడు రాత్రి కరెంటు ఉంది, ఏసీ నడుస్తోంది, నేను ల్యాప్‌టాప్‌లో అడ్మిషన్ల ఫైలు చూస్తున్నాను. మావాడు వచ్చి తలుపు దగ్గర నిలబడి, "పైకి వెళ్దామా?" అన్నాడు. పని ఉందని నోటి దాకా వచ్చింది. ఎందుకో ఆ పాప రాసిన పేజీ గుర్తొచ్చింది. ల్యాప్‌టాప్ మూసి తాళం తెచ్చుకోవడానికి కిందికి దిగాను.

ఈసారి జూన్‌లో పిల్లలతోపాటు పెద్దలను కూడా ఒక పేజీ అడుగుతున్నాం. ఈ వేసవిలో మీరు కొత్తగా చేసిన ఒక్క చిన్న పని తెలుగులోగానీ ఇంగ్లీషులోగానీ రాసి, బడి తెరిచిన వారంలో క్లాస్ టీచర్‌కు పంపండి. ఎర్ర పెన్ను వాడం. కొన్నిటిని జూలై సంచికలో వేస్తాం, పేరు వద్దంటే లేకుండానే.