కణద్వార రహస్యం

కోటను ముట్టడించే శత్రువు ముందుగా వెతికేది ద్వారాన్ని. కోటను కాపాడేవాడు సైతం శత్రువు ఏ ద్వారం వైపు వస్తున్నాడో పసిగడితేనే అక్కడ గడియ బిగించగలడు. మానవదేహంపై దండెత్తే హెచ్.ఐ.వి. విషయంలో వైద్యశాస్త్రం చేసిన ప్రయత్నాలలో ఇదొకటి. వైరస్ ఏ ద్వారం గుండా కణంలోకి ప్రవేశిస్తుందో దాని జన్యులిపిని చదివి ముందుగానే చెప్పగలమా అన్నది ఇక్కడి ప్రశ్న.

1983లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో ఫ్రాన్సువాజ్ బారె-సినూసి, లుక్ మోంటాన్యేల బృందం ఈ వైరస్‌ను కనుగొన్నది. ఆ కృషికి వారిరువురూ 2008లో నోబెల్ పురస్కారం అందుకున్నారు. వ్యాధినిరోధక శక్తికి ఆధారభూతమైన కొన్ని తెల్ల రక్తకణాల ఉపరితలంపై సి.డి.4 అనే ప్రోటీన్ ఉంటుంది. వైరస్ మొదట దీనినే పట్టుకుంటుందని 1984లో తెలిసింది. కాని అది ఒక్కటే ప్రవేశానికి చాలదు. మరొక ప్రోటీన్ తోడు కావాలి. అటువంటి తోడు ప్రోటీన్లలో ప్రధానమైనవి సి.సి.ఆర్.5, సి.ఎక్స్.సి.ఆర్.4 అని 1996లో వెల్లడైంది. కొన్ని వైరస్‌లు మొదటిదానిని, కొన్ని రెండవదానిని, మరికొన్ని రెండింటినీ వాడుకుంటాయి. కొత్తగా సోకినప్పుడు సాధారణంగా కనిపించేవి మొదటి రకానివే. రెండవ ద్వారాన్ని వాడుకొనే వైరస్‌లు కొందరిలో కాలక్రమాన తలెత్తుతాయి. అప్పుడు వ్యాధి వేగం పుంజుకొంటుంది.

అదే సంవత్సరం మరొక విశేషం బయటపడింది. వైరస్ తాకిడికి పలుమార్లు గురైనా కొందరికి అది సోకలేదు. వారిలో కొందరికి తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా సి.సి.ఆర్.5 జన్యువులో 32 అక్షరాలు లోపించిన రూపమే సంక్రమించింది. ఆ ద్వారం లేకున్నా వారు ఆరోగ్యంగానే జీవిస్తున్నారు. అయితే దానిని మందుతో మూయవచ్చునన్న ఆలోచన బలపడింది. ఫలితంగా రూపొందిన మరావిరాక్ అనే ఔషధానికి 2007లో అమెరికాలో అనుమతి లభించింది.

ఇక్కడే ఒక చిక్కు ఉన్నది. రోగి దేహంలోని వైరస్ రెండవ ద్వారాన్ని వాడుకొనేదైతే ఈ మందు నిష్ప్రయోజనం. కనుక మందు ఇచ్చే ముందే పరీక్ష తప్పనిసరి. రోగి వైరస్ పైపొర జన్యువును తీసి, ప్రయోగశాలలో కణాలపై పరీక్షించే పద్ధతి ఉన్నది. దానికి వారాల కాలమూ, అధిక వ్యయమూ అవసరం.

జన్యులిపి ఇందుకు సులభమార్గం చూపింది. వైరస్ పైపొరలోని జి.పి.120 ప్రోటీన్‌లో వి3 అనే చిన్న వలయం ఉన్నది. అందులో సాధారణంగా 35 అమైనో ఆమ్లాలు ఉంటాయి. వాటిని నిర్దేశించే జన్యు అక్షరాలు 105. ద్వారం ఎంపికలో ఈ వలయానిదే ముఖ్యపాత్ర. ‘కల’లోని లకారం ళకారమైతే ‘కళ’ అవుతుంది, అర్థమే మారిపోతుంది. అట్లాగే 11వ స్థానంలోనో, 25వ స్థానంలోనో ధనావేశం గల ఆర్జినిన్ లేదా లైసిన్ చేరితే, వైరస్ రెండవ ద్వారాన్ని వాడుకొనే అవకాశం పెరుగుతుంది. ఆ ద్వారపు ఉపరితలంపై ఋణావేశం ఎక్కువగా ఉండటమే ఇందుకొక కారణం.

ఈ సూత్రం సరళమైనది, కాని సంపూర్ణం కాదు. ఆ రెండు స్థానాలు మారకుండానే రెండవ ద్వారాన్ని వాడుకొనే వైరస్‌లు అనేకం ఉన్నాయి. అందువల్ల 35 స్థానాలనూ కలిపి పరిశీలించే గణన పద్ధతులు వచ్చాయి. జర్మనీలోని జార్‌బ్రూకెన్‌లో ఉన్న మాక్స్ ప్లాంక్ సమాచారశాస్త్ర సంస్థలో రూపొందిన ‘జీనోటుఫీనో’ వాటిలో ప్రసిద్ధమైనది. స్వభావం ముందే తెలిసిన వైరస్‌ల లిపిని చూసి కంప్యూటర్ నేర్చుకొంటుంది. ఆపై కొత్త లిపిని వాటితో పోల్చి అంచనా కడుతుంది.

ఈ అంచనాలో పొరపాటు రెండు విధాలు. మొదటి రకం వైరస్‌ను రెండవదిగా భావిస్తే, పనిచేసే మందు రోగికి దక్కదు. రెండవదానిని మొదటిదిగా భావిస్తే, పనిచేయని మందు వాడుతూ విలువైన కాలం కోల్పోతాడు. ఒక పొరపాటును తగ్గించబోతే రెండవది పెరుగుతుంది. పైగా రక్తంలో స్వల్పసంఖ్యలో ఉన్న వైరస్‌లు సాధారణ లిపి పరీక్షకు చిక్కకపోవచ్చు. కనుక అంచనా ఎంత గట్టిగా నమ్మదగినదో తెలుసుకొని, రోగి స్థితినీ, ఇతర మందుల లభ్యతనూ తూచి వైద్యుడు నిర్ణయం తీసుకోవాలి. ఎదుటి మనిషి ప్రాణం ఆ నిర్ణయంపై ఆధారపడి ఉన్నప్పుడు, గణితం ఇచ్చే అంకెతో పాటు దాని పరిమితినీ ఎరిగి ఉండటం వైద్యుని ధర్మం.

కఠిన పదాలు – అర్థాలు
ముట్టడించు = చుట్టుముట్టు
నిష్ప్రయోజనం = ఉపయోగం లేనిది
వ్యయం = ఖర్చు

ప్రశ్నలు
1. మరావిరాక్ ఇచ్చే ముందు పరీక్ష ఎందుకు అవసరం?
2. వి3 వలయంలోని 11, 25 స్థానాల ప్రాధాన్యాన్ని వివరించండి.
3. అంచనాలో జరిగే రెండు విధాల పొరపాట్లలో రోగికి ఏది ఎక్కువ హాని? మీ అభిప్రాయాన్ని సహేతుకంగా రాయండి.