తెరమరుగైన బాలవీరుడు

ఉద్దేశం

జయించినవారి చరిత్రను లోకం పదేపదే చెప్పుకొంటుంది. ఆ విజయానికి ముందు అదే స్థానంలో నిలిచి శ్రమించినవారి కథ మరుగున పడిపోతుంది. జపాన్‌కు చెందిన ఒక వీడియో గేమ్ సంస్థకు కొంతకాలం ప్రతీకగా నిలిచి, ఆపై విస్మృతికి లోనైన ఒక పాత్ర చరిత్ర ద్వారా ఆదరణకూ విస్మరణకూ గల కారణాలను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

పూర్వం రాజవంశాలకు లాంఛనాలు ఉండేవి. నాణెంమీద, శాసనంమీద, పతాకంమీద ఆ లాంఛనాన్ని చూడగానే ప్రజలు ఏలిక ఎవరో గుర్తించేవారు. ఆధునిక కాలంలో ఆ సంప్రదాయం వాణిజ్య సంస్థలకు సంక్రమించింది. సంస్థ పేరు వినగానే కళ్ళముందు మెదిలే బొమ్మను మస్కట్ అంటారు. వీడియో గేమ్‌ల ప్రపంచంలో ఈ మస్కట్‌ల ప్రాధాన్యం మరింత ఎక్కువ. నింటెండో అనగానే ఎర్రటోపీ ధరించిన మీసాల మారియో గుర్తుకు వస్తాడు. సెగా అనగానే మెరుపువేగంతో పరుగెత్తే నీలివర్ణపు ముళ్ళపంది సోనిక్ స్ఫురిస్తుంది. అయితే సోనిక్ పుట్టకముందు ఆ స్థానంలో మరొక బాలుడు ఉండేవాడు. అతడి పేరు అలెక్స్ కిడ్.

ఈ బాలుడి కథ తెలియాలంటే అతణ్ణి సృష్టించిన సంస్థ పూర్వరంగం కొంత తెలియాలి. సెగా జపాన్ సంస్థగా ప్రసిద్ధి పొందినా దాని మూలాలు అమెరికాలో ఉన్నాయి. అమెరికా సైనిక స్థావరాలకు నాణెంతో నడిచే వినోద యంత్రాలను సరఫరా చేయడానికి 1940లో హోనొలులూ నగరంలో స్టాండర్డ్ గేమ్స్ అనే సంస్థ వెలసింది. దానికి వారసత్వంగా సర్వీస్ గేమ్స్ వచ్చింది. ఆ రెండు పదాల తొలి అక్షరాల కలయికే 'సెగా'. 1965లో రోసెన్ ఎంటర్‌ప్రైజెస్‌తో జరిగిన విలీనం వల్ల టోక్యో కేంద్రంగా సెగా ఎంటర్‌ప్రైజెస్ ఏర్పడింది. వినోదశాలల్లో నిలిపే పెద్ద యంత్రాల తయారీలో ఆ సంస్థ పేరు గడించింది. తరువాత ఇళ్ళలో టెలివిజన్‌కు తగిలించి ఆడుకొనే యంత్రాల రంగంలోకి ప్రవేశించింది.

ఆ ప్రవేశం శుభముహూర్తంలో జరగలేదు. 1983 జులై 15న సెగా తన తొలి గృహయంత్రం ఎస్‌జీ-1000ను జపాన్‌లో విడుదల చేసింది. సరిగ్గా అదే రోజున నింటెండో సంస్థ ఫ్యామికామ్ అనే యంత్రాన్ని విపణిలోకి తెచ్చింది. ప్రజాదరణ ఫ్యామికామ్‌నే వరించింది. 1985 సెప్టెంబరులో 'సూపర్ మారియో బ్రదర్స్' వెలువడడంతో నింటెండో ప్రాబల్యం శిఖరాగ్రానికి చేరింది. అదే సంవత్సరం అక్టోబరులో సెగా మార్క్-3 అనే మెరుగైన యంత్రాన్ని తెచ్చింది. విదేశాలలో ఇదే మాస్టర్ సిస్టమ్‌గా పేరొందింది. రంగుల విషయంలో అది ప్రత్యర్థి యంత్రాన్ని మించినది. అయినా యంత్రం గొప్పతనం ఒక్కటే చాలదు, దానిపై ఆడదగిన ఆటలు ఉండాలి. నింటెండో యంత్రం కోసం తయారుచేసిన ఆటను రెండేళ్ళపాటు మరొక యంత్రానికి ఇవ్వరాదని అమెరికాలో ఆ సంస్థ నిబంధన విధించింది. ఆ కారణంగా ఇతర నిర్మాతల ఆటలు సెగాకు సులభంగా లభించలేదు. తన ఆటలను, తన కథానాయకుణ్ణి తానే సృష్టించుకోవలసిన అవసరం సెగాకు ఏర్పడింది.

1986లో వచ్చిన 'ఫాంటసీ జోన్' అనే ఆటలోని ఓపా-ఓపా ఆ దిశలో వెలువడిన తొలి పాత్రలలో ఒకటి. రెక్కలూ పాదాలూ గల చిన్న వ్యోమనౌక అది. చూడముచ్చటైన ఆ నౌక కొంతకాలం సెగాకు గుర్తుగా నిలిచింది. ఆ సంవత్సరమే నవంబరులో 'అలెక్స్ కిడ్ ఇన్ మిరకిల్ వరల్డ్' విడుదలైంది. దాని రూపకర్త కొతారో హయాషిదా. సుప్రసిద్ధమైన 'డ్రాగన్ బాల్' చిత్రకథ ఆధారంగా ఒక ఆటను నిర్మించాలని తాము మొదట తలపెట్టినట్లు, ఆ హక్కులు చేజారడంతో కొత్త పాత్రను కల్పించినట్లు హయాషిదా తరువాతి కాలంలో తెలిపాడు. కోతిని తలపించే పెద్ద చెవులు, బలమైన పిడికిలి, యుద్ధవిద్యా నైపుణ్యం అలెక్స్‌లో కనిపించడానికి నేపథ్యం ఇదే. అరువు తెచ్చుకొన్న కథ అందకపోగా సొంత పాత్ర పుట్టడం ఈ చరిత్రలోని విశేషం.

ఆటలోని కథ జానపద కథను పోలి ఉంటుంది. ఏరీస్ అనే గ్రహం. అక్కడి ఎటర్నల్ పర్వతంపై అలెక్స్ ఏడు సంవత్సరాలు 'షెల్‌కోర్' అనే విద్యను అభ్యసిస్తాడు. అది పిడికిలితో శిలలను సైతం పగులగొట్టగల విద్య. రడాక్సియన్ రాజ్యం ఆపదలో ఉందన్న వార్త అతడికి చేరుతుంది. జాంకెన్ అనే దుష్టుడు రాజకుమారుడు ఈగిల్‌ను, అతడి కాబోయే భార్య లోరాను బంధించాడు. ఆ రాజకుమారుడు తన సోదరుడేనని అలెక్స్ తెలుసుకొని రాజ్యరక్షణకు బయలుదేరుతాడు.

ఆడే తీరులోనూ ఈ ఆటకు తనదైన వ్యక్తిత్వం ఉంది. మారియో ఎడమ నుంచి కుడికి పరుగు తీస్తాడు. అలెక్స్ ప్రయాణం పర్వతం మీద నుంచి కిందికి దిగడంతో మొదలవుతుంది. మారియో శత్రువుల నెత్తిన దూకుతాడు. అలెక్స్ పిడికిలి బిగించి గుద్దుతాడు. దారిలో దొరికిన ధనంతో దుకాణంలో మోటారు సైకిలును, తొక్కుతూ నడిపే చిన్న హెలికాప్టరును కొనుక్కోవచ్చు. ఒక దశ పూర్తయితే బహుమతిగా ఒనిగిరి అనే అన్నపు ముద్ద లభిస్తుంది. కొన్ని విదేశీ యంత్రాలలో పొందుపరచిన ఆటలో ఆ అన్నపు ముద్ద హాంబర్గర్‌గా మారింది. దేశం మారితే వీరుడి భోజనం కూడా మారిందన్నమాట.

వీటన్నిటికన్నా ఆశ్చర్యకరమైనది ప్రధాన శత్రువులతో జరిగే పోటీ. అక్కడ కత్తులూ బాణాలూ ఉండవు. రాయి, కాగితం, కత్తెర ఆటలో గెలవాలి. జపాన్ భాషలో ఆ ఆట పేరే 'జాంకెన్'. ప్రతినాయకుడికి ఆ పేరు పెట్టడంలోని చమత్కారం అదే. ఓడితే ఒక ప్రాణం పోతుంది. మొదటిసారి ఆడేవాడికి అది కేవలం అదృష్టపరీక్షగా తోస్తుంది. కాని ప్రత్యర్థి చూపే గుర్తుల క్రమం ముందే నిర్ణయమై ఉంటుంది. ఓడినవాడు ఆ క్రమాన్ని జ్ఞాపకం ఉంచుకొంటే మరుసటిసారి గెలుస్తాడు. అదృష్టమని భావించినది అభ్యాసంతో వశమవుతుందన్న సత్యాన్ని ఒక పిల్లల ఆట ఇంత సరళంగా బోధించింది.

ఇన్ని సుగుణాలున్న పాత్ర ఎందుకు మరుగున పడింది? దానికి ప్రధానంగా రెండు కారణాలు కనిపిస్తాయి.

మొదటిది స్థిరత్వం లోపించడం. 1986 నుంచి 1990 వరకు అలెక్స్ కిడ్ పేరుతో ఆరు ఆటలు వెలువడ్డాయి. వాటిలో ఒకదానికీ మరొకదానికీ పొంతన తక్కువ. 'ది లాస్ట్ స్టార్స్' వినోదశాలల కోసం రూపొందినది. 1987 నాటి 'బీఎమ్ఎక్స్ ట్రయల్' సైకిలు పందెం. 'హైటెక్ వరల్డ్' అసలు అలెక్స్ కోసం తయారైనదే కాదు. జపాన్‌లో ఒక రాజకుమారి కథగా వెలువడిన ఆటలో పాత్రలను మార్చి, విదేశీయుల కోసం అలెక్స్ పేరు తగిలించారు. 1989లో వచ్చిన 'ఎన్‌చాంటెడ్ కాజిల్' మాత్రమే తొలి ఆట మార్గాన్ని అనుసరించింది. 1990 నాటి 'షినోబి వరల్డ్' సెగా వారి మరొక ప్రసిద్ధ ఆటకు హాస్యానుకరణ. మారియో మాత్రం ఏ కొత్త ఆటలోకి వచ్చినా పరుగునూ గంతునూ వెంట తెచ్చుకొన్నాడు. అలెక్స్‌కు ఆటకో రూపం, ఆటకో స్వభావం కలిగాయి. తరచుగా వేషం మార్చే నటుడి అసలు ముఖం ప్రేక్షకులకు గుర్తుండదు.

రెండవది సంస్థ అవసరం మారిపోవడం. 1988 అక్టోబరులో సెగా మెగా డ్రైవ్ అనే శక్తిమంతమైన యంత్రాన్ని జపాన్‌లో ప్రవేశపెట్టింది. మరుసటి సంవత్సరం అది జెనెసిస్ పేరుతో అమెరికా చేరింది. నింటెండో బాలల సంస్థగా స్థిరపడిన ఆ దేశంలో సెగా యువకులను ఆకర్షించదలచింది. వేగం, దూకుడు, కొంత పొగరు ఉట్టిపడే పాత్ర దానికి కావలసి వచ్చింది. అన్నపు ముద్ద తిని మురిసిపోయే అమాయక బాలుడు ఆ పాత్రకు సరిపోలేదు. సంస్థలో కొత్త మస్కట్ కోసం అన్వేషణ సాగింది. నవోతో ఓషిమా గీసిన చిత్రం, యూజీ నాకా ప్రోగ్రామింగ్, హిరోకాజు యసుహరా దశల రూపకల్పన కలిసి సోనిక్‌ను సృష్టించాయి. 1991 జూన్‌లో సోనిక్ ఆగమనంతో అలెక్స్ కిడ్ శకం ముగిసింది. అతడికి వీడ్కోలు చెప్పినవారు లేరు. కొత్త ఆట రాకపోవడమే అతడి వీడ్కోలు అయింది.

అయితే పాత్ర మరుగైనంత మాత్రాన సృష్టికర్త ప్రతిభ మరుగైనట్లు కాదు. హయాషిదా 1987 నాటి 'ఫాంటసీ స్టార్' నిర్మాణంలో ముఖ్యపాత్ర వహించాడు. ఆ ఆటకు ప్రధాన ప్రోగ్రామర్ యూజీ నాకా. అంటే అలెక్స్‌ను సృష్టించినవాడూ, తరువాత అతడి స్థానాన్ని ఆక్రమించిన సోనిక్‌కు ప్రాణం పోసినవాడూ ఒకే ఆటకోసం కలిసి శ్రమించారు. పాత్రల మధ్య పోటీగా కనిపించేది శిల్పుల మధ్య సహకారంగా ఉండడం గమనింపదగినది.

అలెక్స్ అన్ని దేశాలలోనూ ఒకే విధంగా మరుగున పడలేదు. మాస్టర్ సిస్టమ్ యంత్రం రెండవ రూపంలో 'మిరకిల్ వరల్డ్' ఆటను లోపలే పొందుపరచారు. కార్ట్రిడ్జి కొనే స్తోమత లేని బాలుడికైనా యంత్రం వెలిగించగానే అలెక్స్ ప్రత్యక్షమయ్యేవాడు. మాస్టర్ సిస్టమ్ విశేషాదరణ పొందిన ఐరోపాలోనూ బ్రెజిల్‌లోనూ ఒక తరం బాల్యంతో అతడు పెనవేసుకొన్నాడు. సంస్థ కూడా అతణ్ణి పూర్తిగా మరువలేదు. గృహయంత్రాల తయారీకి స్వస్తి చెబుతున్నట్లు సెగా 2001 జనవరిలో ప్రకటించింది. ఆ సంవత్సరమే మార్చిలో జపాన్‌లో వెలువడిన 'సెగాగాగా' అనే ఆట ఇతివృత్తం పతనం అంచున ఉన్న సెగాను కాపాడడం. మస్కట్ స్థానాన్ని కోల్పోయిన అలెక్స్ అందులో దర్శనమిస్తాడు. తనను తాను పరిహసించుకొనే వేళ సంస్థకు తన తొలినాళ్ళ బాలుడు గుర్తుకు వచ్చాడు. 2008లో టెన్నిస్ ఆటలోనూ, 2010లో కార్ల పందెం ఆటలోనూ అతడు సోనిక్ సరసన పాల్గొన్నాడు.

చివరకు అలెక్స్‌ను తిరిగి నాయకుడిగా నిలిపినవారు అభిమానులే. చిన్ననాట ఆడిన ఆటను కొత్త చిత్రాలతో పునర్నిర్మించాలని వారు ప్రారంభించిన ప్రయత్నం అధికారిక అనుమతి పొందింది. 2021 జూన్‌లో 'అలెక్స్ కిడ్ ఇన్ మిరకిల్ వరల్డ్ డీఎక్స్' పేరుతో అది విడుదలైంది. అందులో ఒక మీట నొక్కితే కొత్త దృశ్యం తొలగి 1986 నాటి పాత దృశ్యం ప్రత్యక్షమవుతుంది. ఆ నిర్మాణ బృందం తనకు పెట్టుకొన్న పేరు జాంకెన్ టీమ్.

సంస్థ ఒక పాత్రను తన అవసరం కోసం సృష్టిస్తుంది. అవసరం తీరగానే పక్కన పెడుతుంది. ఆడుకొన్న బాలుడికి అటువంటి లెక్కలు ఉండవు. అతడికి ఆ పాత్ర ఓడి గెలిచిన సాయంత్రాల జ్ఞాపకం. విపణి ఇచ్చే స్థానం విపణితోనే పోతుంది. మనసు ఇచ్చిన స్థానం ముప్పై అయిదేళ్ళ తరువాత కూడా ఒక కొత్త సృష్టికి ప్రేరణ కాగలదు. తెరమరుగైన ఈ బాలవీరుడి చరిత్ర చాటుతున్న సత్యం ఇదే.

ప్రశ్నలు

అ. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. అలెక్స్ కిడ్ మరుగున పడడానికి గల కారణాలను వివరించండి.
2. 'మిరకిల్ వరల్డ్' ఆటలోని ప్రత్యేకతలను మారియో ఆటతో పోల్చి రాయండి.

ఆ. సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. సెగా సంస్థ సొంత కథానాయకుణ్ణి ఎందుకు సృష్టించుకోవలసి వచ్చింది?
2. ప్రతినాయకుడి పేరులోని చమత్కారం ఏమిటి?
3. హయాషిదా, నాకాల మధ్య గల సంబంధాన్ని తెలపండి.

ఇ. సందర్భసహిత వ్యాఖ్యలు
1. కొత్త ఆట రాకపోవడమే అతడి వీడ్కోలు అయింది.
2. తరచుగా వేషం మార్చే నటుడి అసలు ముఖం ప్రేక్షకులకు గుర్తుండదు.