అడవి వెల్లుల్లి: వాసన చూసి నమ్మవచ్చా?



కొన్నేళ్ళు నాతోపాటు వార్డులో పనిచేసి, ఇప్పుడు జర్మనీలో ఒక వృద్ధాశ్రమంలో నర్సుగా ఉన్న ఒక చెల్లెలు కిందటి ఏప్రిల్‌లో నాకు ఫోన్ చేసింది. "అక్కా, ఇక్కడ అడవిలో నడుస్తుంటే మన తాలింపు వాసన వస్తోంది. నేలంతా పచ్చటి ఆకులే. అందరూ సంచులు తెచ్చుకొని కోసుకుపోతున్నారు. ఇది అడవి వెల్లుల్లి అట. బి.పి.కీ కొలెస్టరాల్‌కీ చాలా మంచిదంటున్నారు. కోసి ఎండబెట్టి అమ్మకు పంపనా?" అని అడిగింది. ఆ అమ్మ మన ఊరిలోనే ఉంటారు. ఎనిమిదేళ్ళుగా బి.పి. బిళ్ళలు వాడుతున్నారు.

పంపవద్దని చెప్పాను. ఎందుకు వద్దన్నానో ఫోన్‌లో పూర్తిగా చెప్పడానికి కుదరలేదు. ఆ వివరం మీకు కూడా ఉపయోగపడుతుందని ఇక్కడ రాస్తున్నాను.

ఇది ఏ మొక్క?

అడవి వెల్లుల్లి మన దేశపు మొక్క కాదు. యూరప్‌లో తేమగల అడవుల్లో, వాగుల ఒడ్డున, చెట్ల నీడలో పెరుగుతుంది. చలి తగ్గుతూ ఉండగా, చెట్లు ఇంకా చిగురించకముందే నేలలోంచి ఆకులు వేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో నక్షత్రాల్లాంటి తెల్లటి పూలు గుత్తిగా పూస్తాయి. ఒక్కో పూవుకు ఆరు రేకులు. ఎండాకాలం నడిమికల్లా ఆకులన్నీ వాడిపోయి మొక్క కనిపించకుండా పోతుంది. చిన్న గడ్డ మాత్రం మరుసటి ఏటికోసం నేలలో మిగిలి ఉంటుంది. దీని శాస్త్రీయ నామం ఆలియమ్ ఉర్సైనమ్. రెండవ మాటకు ఎలుగుబంటిది అని అర్థం. జర్మను భాషలోని పేరులో కూడా ఎలుగుబంటి ఉంది. చలికాలమంతా నిద్రపోయి లేచిన ఎలుగుబంట్లు మొదట దీనినే తింటాయని అక్కడివారు చెప్పుకుంటారు.

మనం కోస్తాలో వెల్లుల్లి అనీ, సీమలో తెల్లగడ్డ అనీ, తెలంగాణలో ఎల్లిగడ్డ అనీ పిలుచుకునేది దీనికి దగ్గర చుట్టమే. ఉల్లి కూడా ఈ కుటుంబంలోదే. అయితే మనం వెల్లుల్లి గడ్డను రెబ్బలుగా విడదీసి వాడతాము. అడవి వెల్లుల్లి గడ్డ సన్నగా ఉంటుంది, దానిలో రెబ్బలు ఉండవు. అందుచేత అక్కడివారు ముఖ్యంగా ఆకునే తింటారు. సూపులో వేస్తారు, వెన్నలో కలుపుతారు, నూనె, జున్ను, గింజలు చేర్చి మన రోటిపచ్చడిలా నూరుకుంటారు. ఆ చెల్లెలు అన్నట్టు, కందిపొడి లేని లోటు ఒక్కటే.

ఆ ఘాటు ఎక్కడినుండి వస్తుంది?

పొట్టు తీయని వెల్లుల్లి రెబ్బను ముక్కు దగ్గర పెట్టుకుంటే పెద్దగా వాసన ఉండదు. రోట్లో వేసి ఒక్క దెబ్బ వేయండి, వీధిదాకా తెలుస్తుంది. రెబ్బలో అలీన్ అనే పదార్థం ఒక అరలోనూ, దానిని మార్చే ఎంజైము మరొక అరలోనూ ఉంటాయి. దంచినప్పుడు గోడలు పగిలి రెండూ కలుస్తాయి. అప్పుడు అల్లిసిన్ అనే గంధకపు పదార్థం పుడుతుంది. ఘాటు దానిదే. పురుగులు కొరికినప్పుడు తనను కాపాడుకోవడానికి మొక్క చేసుకున్న ఏర్పాటు ఇది. అడవి వెల్లుల్లి ఆకును నలిపినప్పుడు జరిగేది కూడా ఇంచుమించు ఇదే.

వేడికి ఆ ఎంజైము చచ్చిపోతుంది. అందువల్ల రెబ్బలను ఒలిచి నేరుగా కాగిన నూనెలో వేస్తే రుచి వస్తుంది గాని అల్లిసిన్ అంతగా తయారుకాదు. దంచి పది నిమిషాలు పక్కన పెట్టి తరువాత పోపులో వేస్తే మేలు. ఆకును ఎండబెట్టినా వాసన చాలావరకు పోతుంది. జర్మనీనుండి ఎండుటాకు పంపవద్దనడానికి ఇది మొదటి కారణం. అంత దూరం వచ్చేది గడ్డిలాంటి పొడి మాత్రమే.

1944లో అమెరికాలో కావల్లిటో, బెయిలీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అల్లిసిన్‌ను విడదీసి, అది సూక్ష్మక్రిముల పెరుగుదలను ఆపుతుందని చూపించారు. ఈ మాటను పట్టుకొని "వెల్లుల్లి ఉంటే యాంటిబయోటిక్ ఎందుకు?" అనేవారు నాకు తరచుగా ఎదురవుతారు. గాజు పళ్ళెంలో చచ్చిన క్రిమి, మనం రెబ్బ మింగితే ఊపిరితిత్తుల్లో కూడా చస్తుందని అనుకోవడానికి లేదు. న్యుమోనియాకు, క్షయకు వెల్లుల్లి మందు కాదు.

బి.పి., కొలెస్టరాల్ సంగతి

వెల్లుల్లిలో మేలు లేదని నేను చెప్పడం లేదు. బి.పి. ఎక్కువగా ఉన్నవారికి వెల్లుల్లితో చేసిన మాత్రలు కొన్ని వారాలు ఇచ్చి చూసిన పరిశోధనలు చాలా ఉన్నాయి. వాటిని కలిపి లెక్కవేసినప్పుడు పై అంకె సగటున 8 వరకు తగ్గినట్టు కనిపించింది. అంటే 160 ఉన్నది 152 కావచ్చు. అది మంచిదే, కాని చాలదు. కొలెస్టరాల్ విషయంలో ఫలితం ఇంకా తక్కువ. 2007లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంవారు 192 మందితో ఆరు నెలలు నడిపిన పరీక్షలో పచ్చి వెల్లుల్లి తిన్నవారికి గాని, వెల్లుల్లి మాత్రలు వేసుకున్నవారికి గాని చెడు కొలెస్టరాల్ తగ్గలేదు. ఇక అడవి వెల్లుల్లి మీద జరిగిన పని ఎక్కువభాగం ప్రయోగశాలలోనూ ఎలుకల మీదనూ జరిగినదే. దానిని మంచి ఆకుకూర అనవచ్చు. అందులో విటమిన్ సి ఉంది. బి.పి. బిళ్ళకు బదులు అనడానికి ఆధారం లేదు.

ఇక్కడ ఒక పెద్దాయన గురించి చెప్పాలి. టీ కొట్టు నడుపుకునే మనిషి, యాభై దాటిన వయసు. ప్రతి నెలా వచ్చి బి.పి. చూపించుకునేవారు. ఒకసారి వచ్చినప్పుడు "బిళ్ళలు వేసుకుంటున్నారా?" అని అడిగితే తల ఊపారు. ఆ రోజు ఓ.పి.లో జనం ఎక్కువగా ఉన్నారు. నేను మరి అడగలేదు, చీటీ కూడా చూడలేదు. తరువాత రెండు నెలలు ఆయన రాలేదు. మూడవ నెలలో ఆటోలో పడుకోబెట్టి తెచ్చారు. కుడి చెయ్యి లేవడం లేదు, మూతి ఒక పక్కకు లాగింది, మాట ముద్దగా వస్తోంది. బి.పి. 210/120. పరగడుపున నాలుగు పచ్చి వెల్లుల్లి రెబ్బలు మింగుతూ, బిళ్ళలు మానేసి అప్పటికి మూడు నెలలు అయిందని వాళ్ళ అమ్మాయి చెప్పింది. "ఒంట్లో బాగానే ఉంది సిస్టర్, తలనొప్పి కూడా లేదు, అందుకే మానేశాడు" అంది.

బి.పి. ఎక్కువగా ఉన్నా చాలామందికి ఏ బాధా తెలియదు. రక్తనాళం చిట్లేవరకో మూసుకుపోయేవరకో తెలియదు. ఆయన బతికారు. ఇప్పుడు కర్ర పట్టుకొని నడుస్తున్నారు. మాట మాత్రం తిరిగి సరిగా రాలేదు. అప్పటినుండి నేను బి.పి. రోగులను "బిళ్ళలు వేసుకుంటున్నారా?" అని అడగడం మానేసి, "అట్ట చూపించండి" అంటున్నాను. మీ ఇంట్లో పెద్దవారు ఉంటే మీరు కూడా అట్టలో ఎన్ని ఖాళీ అయ్యాయో చూడండి. వెల్లుల్లి తింటే తిననివ్వండి, బిళ్ళతోపాటు తిననివ్వండి. మూతి వంకరపోవడం, చెయ్యి పడిపోవడం, మాట తడబడడం కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకండి. రక్తపు గడ్డ అడ్డుపడి వచ్చే పక్షవాతానికి, దానిని కరిగించే ఇంజెక్షను మొదటి నాలుగున్నర గంటల్లోనే ఇవ్వగలరు.

వాసన మోసం చేస్తుంది

ఎండుటాకు వద్దనడానికి రెండవ కారణం ఇంకా పెద్దది. అడవి వెల్లుల్లి పెరిగే చోటనే, అదే కాలంలో, చూపుకు అలాంటి ఆకులే ఉన్న రెండు విషపు మొక్కలు మొలుస్తాయి. ఒకటి లిల్లీ ఆఫ్ ద వ్యాలీ. దీనికి గంటల్లాంటి తెల్లటి పూలు పూస్తాయి. రెండవది ఆటమ్ క్రోకస్. దీని ఆకులు వసంతంలో వస్తాయి, ఊదారంగు పూలు ఆకులు లేనప్పుడు శరత్కాలంలో పూస్తాయి. ఆకులు కోసే రోజుల్లో పూవు ఉండదు కనుక పోల్చుకోవడం కష్టం.

అడవి వెల్లుల్లి ఆకు ఒక్కొక్కటి సొంత కాడతో నేలలోంచి విడిగా వస్తుంది, మెత్తగా ఉంటుంది, అడుగువైపు మెరుపు ఉండదు. లిల్లీ ఆఫ్ ద వ్యాలీకి ఒకే కాండానికి రెండు ఆకులు చుట్టుకొని ఉంటాయి, అడుగువైపు నిగనిగలాడుతుంది. ఆటమ్ క్రోకస్ ఆకులకు కాడ ఉండదు, దళసరిగా ఒకే చోటునుండి గుంపుగా లేస్తాయి. వాసన చూస్తే తెలియదా అంటారు. మొదటి ఆకు వరకు తెలుస్తుంది. నాలుగు ఆకులు నలిపేసరికి వేళ్ళకే వెల్లుల్లి వాసన పట్టుకుంటుంది, ఆ తరువాత ఏ ఆకు పట్టుకున్నా అదే వాసన. ఆస్ట్రియా, జర్మనీ, స్లోవేనియా, క్రొయేషియా దేశాల వైద్యులు ఇలా పొరపాటున ఆటమ్ క్రోకస్ తిని చనిపోయినవారి గురించి వైద్యపత్రికల్లో రాశారు.

ఆటమ్ క్రోకస్‌లో ఉండే విషం పేరు కాల్చిసిన్. ఉడికించినా అది పోదు. తిన్న తరువాత కొన్ని గంటలు ఏమీ తెలియదు. అప్పుడు వాంతులు, నీళ్ళ విరేచనాలు మొదలవుతాయి. కలుషిత ఆహారం అనుకొని ఇంట్లోనే ఉండిపోతారు. కణాలు రెండుగా విడిపోయే పనిని ఈ విషం ఆపేస్తుంది కనుక రెండు మూడు రోజుల్లో మూత్రపిండాలు, ఎముకల మూలుగ, గుండె దెబ్బతింటాయి. మామూలుగా ఆసుపత్రుల్లో దొరికే విరుగుడు మందు దీనికి లేదు.

మన పొలంగట్ల మీద

యూరప్ మొక్కల గొడవ మనకెందుకు అనుకోకండి. ఇదే కాల్చిసిన్ మన అడవినాభిలో ఉంది. వానాకాలంలో కంచెలమీద పాకి, ఆకు కొసలతో పట్టుకొని ఎక్కుతూ, నిప్పు మంటలాంటి ఎరుపు, పసుపు పూలు పూసే తీగ అది. కొన్నిచోట్ల పొత్తిదుంప అంటారు. దాని దుంపను తినే దుంప అనుకొని ఉడికించి తిన్నవారు మన దేశంలోనూ శ్రీలంకలోనూ ప్రాణాలు పోగొట్టుకున్నారు.

లిల్లీ ఆఫ్ ద వ్యాలీలో ఉన్నది గుండెను పట్టే విషం. ఆ జాతి విషమే మన నక్కవుల్లిగడ్డలో ఉంది. దీనిని అడవి ఉల్లి అని కూడా అంటారు. చూస్తే అచ్చం ఉల్లిగడ్డే, పొరలు కూడా అలాగే ఉంటాయి. కాని ఉల్లివాసన ఉండదు, రసం తగిలితే చర్మం దురదపెడుతుంది. మా శిక్షణలో ఒక మాట గట్టిగా నేర్పారు. గుండెజబ్బు రోగికి డిజాక్సిన్ బిళ్ళ ఇచ్చేముందు ఒక నిమిషం పూర్తిగా నాడి లెక్కపెట్టాలి, 60కి తగ్గితే బిళ్ళ ఆపి డాక్టరుగారికి చెప్పాలి. మిల్లీగ్రాములో నాలుగో వంతు ఉండే బిళ్ళకే అంత జాగ్రత్త. నక్కవుల్లిగడ్డ ముక్కలో ఎంత మందు ఉందో ఎవరు తూచి ఇస్తారు? సంతలో "అడవి ఉల్లి, కీళ్ళనొప్పులకు, ఆయాసానికి లోపలికి తీసుకోండి" అని అమ్మేవారి దగ్గర కొనకండి.

వంటింటి వెల్లుల్లితో కూడా కొంచెం జాగ్రత్త కావాలి. రోజుకు ఒకటి రెండు రెబ్బలు అన్నంతో తింటే చాలు. పరగడుపున పచ్చివి మింగితే కడుపులో మంట వస్తుంది. బాలింతలకు పెట్టే వెల్లుల్లి కారం మంచిదే, మానవద్దు. చంటిపిల్లలకు జలుబు చేసినప్పుడు పచ్చి వెల్లుల్లి నూరి ఛాతీమీద, అరికాళ్ళమీద కట్టడం మాత్రం మానండి. వేడినీళ్ళు పడినట్టు బొబ్బలెక్కిన పసిపిల్లలకు నేను కట్టుకట్టాను. వార్ఫరిన్, ఆస్పిరిన్ వంటి రక్తాన్ని పలుచన చేసే మందులు వాడేవారు వెల్లుల్లి ఎక్కువగా తినేముందు డాక్టరుగారిని అడగాలి. ఆపరేషను ఉన్నవారు వెల్లుల్లి మాత్రల సంగతి ముందే చెప్పాలి. వెల్లుల్లి ముద్దను నూనెలో వేసి బయట రోజుల తరబడి ఉంచకండి. గాలి తగలని నూనె అడుగున బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బును తెచ్చే విషం తయారుకావచ్చు. ఫ్రిజ్‌లో పెట్టి నాలుగు రోజుల్లో వాడేయండి.

తిన్న తరువాత అనుమానం వస్తే

తెలియని ఆకో దుంపో తిన్నారని తెలిస్తే వాంతులు మొదలయ్యేవరకు ఆగవద్దు. ఉప్పునీళ్ళు తాగించి, గొంతులో వేలుపెట్టి కక్కించవద్దు. నిమ్మరసం, కోడిగుడ్డు, చింతపండు రసం పోయవద్దు. ఎన్ని గంటలకు తిన్నారో కాగితంమీద రాసుకోండి. అదే కూర తిన్న మిగతావారిని కూడా, బాగానే ఉన్నా సరే, వెంట తీసుకురండి. 108కి ఫోన్ చేయండి. అన్నింటికంటే ముఖ్యం, మిగిలిన ఆకు, దుంప, తొక్క, వండిన కూర ఏది ఉంటే అది ఒక కవరులో వేసి డాక్టరుగారికి ఇవ్వండి. పారవేసి ఉంటే పెంటకుప్పలోంచైనా ఒక ముక్క వెతికి తెండి.