నాలుగు నిమిషాల వీడియో - ప్రయోగశాలలో కెమెరా

అమెరికా పాఠశాలల్లో చదువుకొంటున్న మన పిల్లలకు విజ్ఞానశాస్త్ర తరగతిలో తరచు తటస్థించే పని ఒకటి ఉన్నది. నలుగురైదుగురు విద్యార్థులు జట్టుగా కూడి, ఒక శాస్త్ర విషయాన్ని మూడు నాలుగు నిమిషాల వీడియోగా రూపొందించి ఉపాధ్యాయునికి సమర్పించవలె. సాధారణంగా జరిగేది ఏమనగా, ఒకరు విజ్ఞాన సర్వస్వం నుండి వ్యాసాన్ని సంగ్రహిస్తారు, మరొకరు దానికి తగిన బొమ్మలు ఏరుతారు, ఇంకొకరు వెనుక సంగీతం చేర్చి గబగబా చదివేస్తారు. ఇది వీడియో కాదు. బొమ్మలు అతికించిన వ్యాసరచన మాత్రమే. కాగితం చేయలేనిదీ, కెమెరా చేయగలిగినదీ ఒక్కటే: జరుగుతున్న సంఘటనను దాని కాలంతో సహా పట్టి ఉంచడం. ఆ శక్తిని వినియోగించుకోని వీడియోకు అంత శ్రమ ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే.

కదలికను కెమెరాతో పట్టుకొనే విద్య పుట్టుకలోనే ఈ సంగతి ఉన్నది. దౌడు తీసే గుర్రం నాలుగు కాళ్ళూ ఏ క్షణంలోనైనా ఒక్కసారిగా నేల విడుస్తాయా అన్నది చిరకాలపు వివాదం. మనిషి కన్ను ఆ వేగాన్ని అందుకోలేదు. 1878లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో, లీలాండ్ స్టాన్‌ఫర్డ్ గుర్రాల క్షేత్రంలో, ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ బాట పొడుగునా కెమెరాలను వరుసగా నిలిపి, గుర్రం దాటుతున్నప్పుడు ఒకటి తరువాత ఒకటిగా అవి బొమ్మ తీసే ఏర్పాటు చేశాడు. కాళ్ళు నేల విడుస్తున్నాయని ఛాయాచిత్రాలు తేల్చాయి. అయితే చిత్రకారులు అంతకుముందు గీస్తూ వచ్చినట్లు కాళ్ళు బారచాచి కాదు, పొట్ట కిందకు ముడుచుకొని. మైబ్రిడ్జ్ కెమెరా తెలిసిన సమాధానానికి అలంకారం కాదు. తెలియని సమాధానం కోసం వేసిన ప్రశ్న. విద్యార్థి బృందం మొదట వెదకవలసినది అటువంటి ప్రశ్ననే.

మాధ్యమిక తరగతులకు సరిపోయే ఉదాహరణగా అయోడిన్ గడియారాన్ని తీసుకోవచ్చు. హాన్స్ లాండోల్ట్ 1886లో వెల్లడించిన చర్యకు ఇది వంటింటి రూపాంతరం. వేయి మిల్లీగ్రాముల విటమిన్ సి మాత్రను పొడిచేసి అరవై మిల్లీలీటర్ల గోరువెచ్చని నీటిలో కరిగించవలె. దీనిలో ఐదు మిల్లీలీటర్లు తీసుకొని, మందుల దుకాణంలో దొరికే రెండు శాతం టింక్చర్ అయోడిన్ ఐదు మిల్లీలీటర్లు, నీరు అరవై మిల్లీలీటర్లు కలిపితే గోధుమరంగు మాయమై మొదటి ద్రవం సిద్ధమవుతుంది. రంగు తీసేసిన అయోడిన్ అని అమ్మేది ఇందుకు పనికిరాదు. మరొక గ్లాసులో అరవై మిల్లీలీటర్ల నీరు, మూడు శాతం హైడ్రోజన్ పెరాక్సైడు పదిహేను మిల్లీలీటర్లు, అరచెంచా గంజి. బట్టలకు పెట్టే గంజి సీసా కొననక్కరలేదు. అన్నం వార్చిన గంజి చల్లార్చి వడగడితే చాలు. కళ్ళద్దాలు, చేతి తొడుగులు, పక్కన ఒక పెద్దవారు తప్పనిసరి. అయోడిన్ మరక బట్టను ఒక పట్టాన వదలదు.

రెండు ద్రవాలనూ కలిపితే కొంతసేపు ఏమీ జరగదు. తరువాత హఠాత్తుగా, రెప్పపాటులో, గ్లాసంతా సిరానీలంగా మారిపోతుంది. పైకి నిశ్చలంగా కనిపించే ఆ కాలంలో లోపల పెద్ద పోటీయే సాగుతున్నది. పెరాక్సైడు నెమ్మదిగా అయోడైడును అయోడిన్‌గా మారుస్తూ ఉంటుంది. పుట్టిన అయోడిన్‌ను విటమిన్ సి తక్షణమే తిరిగి అయోడైడుగా మార్చివేస్తుంది. విటమిన్ సి నిల్వ ఉన్నంతకాలం అయోడిన్ నిలదొక్కుకోలేదు. నిల్వ అడుగంటిన మరుక్షణం అయోడిన్ మిగిలిపోయి, గంజిలోని అమైలోజ్ అణువుల మెలికల్లో చేరి నీలవర్ణాన్ని ఇస్తుంది. కనుక నీలం కనిపించిన క్షణం చర్య ఆరంభం కాదు, విటమిన్ సి అంతమైన క్షణం. ఈ ఒక్క వాక్యం ప్రేక్షకునికి అర్థమైతే వీడియో సఫలమైనట్లే. ఇక ప్రశ్న: నీటి ఉష్ణోగ్రత పెంచితే ఆ క్షణం ఎంత ముందుకు జరుగుతుంది? పది డిగ్రీలకు వేగం సుమారు రెట్టింపవుతుందని పాఠ్యపుస్తకాలు చెప్పే స్థూల నియమం ఈ గ్లాసు విషయంలో ఎంతవరకు నిలుస్తుంది? పది, ఇరవై, ముప్పై, నలభై డిగ్రీల సెల్సియస్ వద్ద, ఒక్కొక్కటి మూడు పర్యాయాలు చేసి చూస్తే తేలుతుంది.

చిత్రీకరణకు ఇప్పుడు జేబులోని ఫోను చాలు. కాని ఫోను కెమెరా వినయం గల సాక్షి కాదు. తనకు తోచిన దిద్దుబాట్లు చేస్తూ ఉంటుంది. గ్లాసు నల్లబడగానే దృశ్యం చీకటయిందనుకొని వెలుగు పెంచుతుంది, తెలుపును తానే నిర్ణయించుకొని రంగు మారుస్తుంది. అందుచేత వెలుగును, రంగును ముందే స్థిరపరచి, గ్లాసు వెనుక తెల్ల అట్ట నిలిపి, ఫోనును ముక్కాలిపీటపై కదలకుండా ఉంచవలె. చేత పట్టుకొని తీసిన దృశ్యం కొలతకు పనికిరాదు.

దీపాల విషయంలో ఒక చిత్రం ఉన్నది. అమెరికాలో విద్యుత్తు సెకనుకు అరవై ఆవృత్తులు గనుక చాలా దీపాలు సెకనుకు నూటయిరవై మార్లు మినుకుమంటాయి. సెకనుకు ముప్పై చిత్రాలు తీసే కెమెరాకు ప్రతి చిత్రంలోనూ సరిగ్గా నాలుగు మినుకులు పడతాయి, తేడా కనిపించదు. అదే ఫోనును వేసవి సెలవులకు విజయవాడకో వరంగల్లుకో తీసుకొనిపోయి తాతగారింట ఈ ప్రయోగమే తీస్తే తెరపై నల్లని పట్టీలు పాకవచ్చు. అక్కడ యాభై ఆవృత్తులు, నూరు మినుకులు. ముప్పై చేత నూరు నిశ్శేషంగా భాగింపబడదు. సెకనుకు ఇరవై అయిదు చిత్రాలకు మార్చుకొన్నా, కిటికీ వెలుగులో తీసినా బాధ తీరుతుంది. లండనులోనూ, దుబాయిలోనూ ఉన్న మనవారికీ ఇదే లెక్క.

సెకనుకు ముప్పై చిత్రాలంటే ఒక్కొక్క చిత్రం సెకనులో ముప్పయ్యవ వంతు. ద్రవాలు కలిసిన చిత్రం నుండి నీలం తోచిన చిత్రం వరకు 1146 చిత్రాలు లెక్కకు వస్తే కాలం 38.2 సెకన్లు. విద్యార్థులు ఇక్కడ ఉత్సాహపడి 38.20 అని వ్రాస్తారు. పోయడానికే ఒక సెకను పడుతున్నప్పుడు దశాంశం తరువాత రెండవ స్థానానికి అర్థం లేదు. పైగా మసక వెలుగులో అనేక ఫోనులు చిత్రాల సంఖ్యను తమంతట తామే తగ్గిస్తాయి. అప్పుడు లెక్కే తప్పుతుంది. గ్లాసు పక్కనే నడుస్తున్న గడియారం ఒకటి దృశ్యంలో కనబడుతూ ఉండడం దీనికి మందు. ఆ గడియారానికి మరొక ప్రయోజనం కూడా ఉన్నది.

పది డిగ్రీల వద్ద నిరీక్షణ దీర్ఘం. నాలుగు నిమిషాల వీడియోలో అంతసేపు కదలని గ్లాసును చూపలేరు, కత్తిరించవలసినదే. కత్తిరింపు దోషం కాదు, దాచడం దోషం. గడియారం దృశ్యంలో ఉంటే ఎంత కాలం తీసివేశారో ప్రేక్షకుడికి తెలుస్తుంది. వేగం పెంచిన చోట ఎన్ని రెట్లు పెంచారో తెరపై వ్రాయవచ్చు. దీనికంటె సూక్ష్మమైన ప్రలోభం వేరొకటి. మూడు పర్యాయాల్లో రెండు నియమానికి సరిపోయి ఒకటి ఎదురు తిరిగితే, ఆ మూడవది కూర్పు బల్లపై నిశ్శబ్దంగా అదృశ్యమవుతుంది. ప్రయోగం పుస్తకంలో వ్రాసిన అంకెను కొట్టివేస్తే గీత అయినా మిగులుతుంది. వీడియోలో తీసివేసిన దానికి గుర్తే ఉండదు. ఎదురు తిరిగిన పర్యాయాన్ని చూపి, కారణం వెదకిన బృందానికే - నీరు మధ్యలో చల్లారినదా, మాత్ర పూర్తిగా కరగలేదా - ఉపాధ్యాయులు ఎక్కువ మార్కులు ఇవ్వదగును. తల్లిదండ్రులు పక్కన కూర్చొని అందంగా కత్తిరించి ఇచ్చే అలవాటు ఈ చోటనే అధిక హాని చేస్తుంది.

పని పంపకంలో ఒక మాట. మాటకారి వ్యాఖ్యానం, కంప్యూటరు వచ్చినవాడు కూర్పు, మిగిలినవారు గ్లాసులు కడగడం అన్నది పరిపాటి. పన్నెండు పర్యాయాలు ఉన్నవి గనుక ప్రతి మూడింటికీ పాత్రలు మార్చుకొంటే నలుగురి చేతికీ థర్మామీటరూ, కెమెరా రెండూ వస్తాయి. ఇల్లు అలకగానే పండుగ కానట్లు, చిత్రీకరణ ముగియగానే పని ముగియదు. కూర్పుకు కనీసం చిత్రీకరణకు పట్టినంత కాలం కేటాయించుకోవలె.

తాతలూ అమ్మమ్మల కోసం తెలుగు వ్యాఖ్యానంతో మరొక ప్రతి చేయాలని కొన్ని బృందాలు ముచ్చటపడతాయి, మంచి ఆలోచన. ఇంగ్లీషు వాక్యాలను మాటకు మాట మార్చితే మాత్రం గొంతు సాగుతూనే ఉంటుంది, బొమ్మ వెళ్ళిపోతుంది. దృశ్యాన్ని మౌనంగా నడిపి, చూస్తూ నోటికి వచ్చినట్లు తెలుగులో చెప్పి, దానినే దిద్దుకోవడం మేలు. ఆమ్లజని అనాలా ఆక్సిజన్ అనాలా అని ఇంట్లో తగవు పడనక్కరలేదు. వినేవారికి ఏది తెలిస్తే అది. మైకును నోటికి సగం దూరానికి తెస్తే స్వరతీవ్రత నాలుగింతలవుతుంది, గది ప్రతిధ్వని అలాగే ఉండిపోతుంది. ఖరీదైన పరికరం కంటె ఈ సూత్రం ఎక్కువ ఉపకరిస్తుంది.

చివరకు మిగిలిన నీలి ద్రవంలో ఒక విటమిన్ సి మాత్ర వేసి కలిపితే రంగు విరిగిపోతుంది. తొట్టిలో పారబోయడానికి ముందు దీనినీ చిత్రీకరించవచ్చు. పైన చెప్పిన పోటీకి ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యం లేదు. కత్తిరించని మూల దృశ్యాలు పన్నెండింటినీ ఉష్ణోగ్రత, పర్యాయ సంఖ్య పేర్లుగా పెట్టి, మార్కులు వచ్చేవరకు భద్రపరచవలె. ఎవరైనా 38.2 ఎక్కడిదని అడిగితే చూపవలసినవి అవే.