మొక్కు నుంచి ప్యాకేజీ దాకా: ఒక కరపత్రం నేర్పిన పాఠం

"మీ చుట్టూ కనిపించే ఏదైనా ఒక కాగితం తీసుకుని దాని భాషను పరిశీలించి రాయండి" అని ఈసారి గోడపత్రిక కోసం మేడమ్ చెప్పారు. మా క్లాసులో కొందరు పెండ్లిపత్రిక తీసుకున్నారు, ఒకరు మందుల చీటీ తీసుకున్నారు. నేను తీసుకున్నది నా నోటుపుస్తకంలో దాచిపెట్టిన ఒక కరపత్రం. ఒక వైపు కన్నడం, ఒక వైపు తెలుగు. మా బళ్లారిలో ఇట్లాంటివి బస్టాండులో, గుడి ముందర, ఇప్పుడైతే ఫోన్లలో కూడా వస్తూనే ఉంటాయి. "మందులు లేకుండా సర్వరోగ నివారణ, మూడు రోజుల దివ్యశక్తి శిబిరం" అని పైన పెద్ద అక్షరాలతో ఉంది.

దీన్ని మా అవ్వకు చదివి వినిపించింది నేనే. అందుకే రాస్తున్నాను.

కరపత్రంలోని మాటలు

ఈ కాగితం మొత్తం వెతికినా 'ఫీజు' అనే మాట లేదు. 'ధర' లేదు, 'వెల' లేదు. 'సేవా కానుక' అని ఉంది, దాని పక్కన 5,500 రూపాయలని ఉంది. రెండో స్థాయికి 'గురుదక్షిణ' అని ఉంది, అది ఇంకా ఎక్కువ. ఇవన్నీ మనకు చిన్నప్పటి నుంచి తెలిసిన మాటలే. వాటి అర్థం మాత్రం ఇక్కడ మారిపోయింది.

మా అవ్వ మొక్కుకుంటే ఏం చేస్తుందో చెప్తాను. పసుపు గుడ్డలో రూపాయి బిళ్లలు పెట్టి ముడి వేసి దేవుడి గూట్లో పెడుతుంది. ముడి వేసి పెట్టేది కాబట్టే అది 'ముడుపు'. అనుకున్న పని అయితే దాన్ని గుడికి తీసుకుపోయి చెల్లిస్తుంది. ఇందులో మూడు సంగతులున్నాయి. ఎంత ఇవ్వాలో ఇచ్చే మనిషే నిర్ణయించుకుంటుంది. పని అయిన తర్వాతే ఇస్తుంది. అది దేవుడికీ ఆమెకూ మధ్య మాట, నడుమ ఇంకొకరు లేరు. గురుదక్షిణ కూడా అంతే, చదువు పూర్తయ్యాక శిష్యుడు ఇచ్చేది.

శిబిరంలో ఈ మూడూ తలకిందులయ్యాయి. ఎంతో వాళ్లే చెప్తారు, ముందే కట్టాలి, కట్టేది ఒక ఆఫీసుకు. అంటే ఇది సరుకు కొనడమే. సరుకు బాగాలేకపోతే అంగడికి పోయి అడగవచ్చు. కానుక ఇచ్చి తిరిగి అడిగేవాళ్లు ఉంటారా? పేరు 'కానుక' అని పెట్టగానే మనకు అడిగే హక్కు కూడా పోయింది.

రెండో రకం మాటలు సైన్సు మాటలు. తెలుగు వైపు 'ఎనర్జీ', 'వైబ్రేషన్', 'క్వాంటం', 'డీఎన్ఏ' అన్నీ ఉన్నాయి. క్వాంటం అనేది అణువులు, వాటికన్నా చిన్న కణాలు ఎట్లా నడుచుకుంటాయో చెప్పే భౌతికశాస్త్రం. తల మీద చెయ్యి పెట్టి జబ్బు తీసేయడానికీ దానికీ ఏ సంబంధమూ లేదు. కానీ 'శక్తి' అన్నప్పుడు అవ్వ తల ఊపింది, 'ఎనర్జీ' అన్నప్పుడు నేను తల ఊపాను. ఒకే కాగితం రెండు తరాలనూ పట్టుకుంది.

మూడోది వ్యాకరణం. 'సర్వరోగ నివారణ' అనే మాటలో కర్త లేదు. ఎవరు నివారిస్తారు? ఎప్పటిలోగా? క్రియే లేదు కాబట్టి బాధ్యతా లేదు. కింద మాత్రం చీమతలకాయంత అక్షరాలతో పూర్తి వాక్యం ఒకటి ఉంది: "ఫలితం పాల్గొనేవారి విశ్వాసాన్ని బట్టి ఉంటుంది." నయమైతే శిబిరం గొప్ప, కాకపోతే రోగి తప్పు. ఆ కాగితం మొత్తానికీ అసలు షరతు ఆ చిన్న వాక్యమే.

మా ఇంట్లో జరిగింది

మా తమ్ముడికి పన్నెండో ఏట మూర్ఛ మొదలయ్యింది, మేం 'ఫిట్స్' అంటాం. డాక్టరు మాత్రలు రాశారు. ఏడాదిన్నరలో రెండుసార్లే వచ్చింది. కాని మాత్రలతో వాడికి మత్తుగా ఉండేది, బడిలో నిద్రపోయేవాడు. "ఇంకెన్నేండ్లు మింగాలమ్మా పిల్లోడు ఈ మాత్రలు?" అని అవ్వ రోజూ అడిగేది. నా దగ్గర జవాబు లేదు. అట్లాంటప్పుడు ఈ కరపత్రం వచ్చింది.

అవ్వకు చదువు రాదు. నేను మంచిగా గొంతు పెట్టి, ఆగాల్సిన చోట ఆగి చదివాను. కింది చిన్న అక్షరాలు చదవలేదు. దాచాలని కాదు, అవి ముఖ్యమనిపించలేదు అంతే. డబ్బు నా ఫోనులోంచే కట్టాను, అది అవ్వ కూడబెట్టుకున్న పింఛను. అమ్మకు ఇష్టం లేకపోయినా కన్నడంలో "హోగ్లి బిడు" అని ఊరుకుంది. నాయన పనిమీద ఊళ్లో లేడు.

శిబిరంలో ఒక వలంటీరు అక్క అవ్వ పక్కన కూర్చుని అరగంట మాట్లాడింది. "మాత్రలు వేస్తూ ఉంటే శక్తి లోపలికి దిగదు" అన్నదట. నోటితో చెప్పిందే, ఎక్కడా రాసి ఇవ్వలేదు. అవ్వ మాత్రలు ఆపేసింది, మాకు చెప్పలేదు. మత్తు పోయి హాయిగా ఉంది కాబట్టి తమ్ముడూ చెప్పలేదు. పదకొండు రోజులు వాడు చురుగ్గా తిరిగాడు. శిబిరం పనిచేసిందని నేను నా ఫ్రెండ్స్‌కు కూడా చెప్పాను. ఇప్పుడు ఇది చదువుతున్న వాళ్లలో ఇద్దరికి ఆ సంగతి గుర్తుండే ఉంటుంది.

పన్నెండో రోజు తెల్లవారుజామున ఫిట్స్ వచ్చింది. అది ఆగి తెలివి రాకముందే ఇంకొకటి, దాని వెనకే ఇంకొకటి. ఆస్పత్రిలో రెండు రోజులు ఐసీయూలో ఉన్నాడు. మూర్ఛ మాత్రలు ఒక్కసారిగా ఆపితే ఇట్లా విడవకుండా రావచ్చనీ, ప్రాణాలకే ప్రమాదమనీ డాక్టరమ్మ చెప్పింది. తమ్ముడు బతికాడు. మోతాదు మార్చారు, మత్తు చాలావరకు తగ్గింది. ముందే వచ్చి అడిగి ఉంటే అప్పుడే మార్చేవాళ్లమని ఆమె అన్న మాట నన్ను ఇప్పటికీ విడవలేదు. మేం అడగలేదు. ఓపీలో రెండు నిమిషాల్లో బయటికి వచ్చేసేవాళ్లం.

నాలుగు రోజులకు శిబిరం నుంచి ఫోన్ వస్తే నేను ఎత్తాను. జరిగింది చెప్పాను. "మీ ఇంట్లో ఎవరికో నమ్మకం తక్కువగా ఉంది, బాబును రెండో స్థాయికి తీసుకురండి" అన్నారు. అప్పుడు వెళ్లి ఆ కరపత్రం కింది చిన్న అక్షరాలు చదివాను.

తగ్గినట్టు ఎందుకు అనిపిస్తుంది

అవ్వ తెలివితక్కువది కాదు. లెక్కలు నోటితోనే వేస్తుంది. అయినా ఎందుకు నమ్మింది, నేనెందుకు నమ్మాను అని తర్వాత చదివితే మూడు కారణాలు దొరికాయి.

ఒకటి, చాలా జబ్బులు ఎక్కువవుతూ తగ్గుతూ ఉంటాయి. బాగా ఎక్కువైనప్పుడే మనం వైద్యుడి దగ్గరికో బాబా దగ్గరికో పోతాం. తర్వాత తగ్గేది ఎట్లాగూ తగ్గుతుంది, పేరు మాత్రం చివరగా కలిసినవాళ్లకు వస్తుంది. రెండు, 'ప్లాసిబో'. నమ్మకంతో ఉత్త చక్కెర బిళ్ల మింగినా నొప్పి, వికారం, అలసట వంటివి కొంత తగ్గినట్టు అనిపిస్తాయి. అది నిజంగానే జరుగుతుంది. కాని అది గడ్డను కరిగించదు, సూక్ష్మజీవిని చంపదు, మూర్ఛను ఆపదు. మూడు, వేదిక మీద మైకు ఇచ్చేది బాగైనవాళ్లకే. బాగుకానివాళ్లు ఇంట్లో ఉంటారు.

నాలుగోది పుస్తకాల్లో దొరకలేదు, నాకు నేనే అనుకున్నది. ఆ వలంటీరు అక్క అవ్వ మాట అరగంట విన్నది. అంతసేపు మేమెవరమూ వినలేదు.

చట్టం ఏమంటుంది

మన దేశంలో 1954 నుంచే ఔషధాలు, మాయ చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం ఉంది. తాయెత్తు, మంత్రం, కవచం వంటివాటితో జబ్బు నయం చేస్తామని ప్రకటనలివ్వడం దీని ప్రకారం నేరం. చట్టం చివర ఉన్న జబ్బుల జాబితాలో క్యాన్సర్, మధుమేహం, పక్షవాతంతో పాటు మూర్ఛ కూడా ఉంది. మొదటిసారి నేరానికి ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అంటే నా చేతిలో ఉన్న ఈ కాగితం గురించి నేను పుట్టక ముందే, మా అవ్వ చిన్నపిల్లగా ఉన్నప్పుడే చట్టం వచ్చింది.

మహారాష్ట్రలో మూఢనమ్మకాల మీద పనిచేసిన డాక్టర్ నరేంద్ర దాభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న పుణేలో కాల్చి చంపారు. ఆయన ఏండ్ల తరబడి అడిగిన చట్టం ఆయన చనిపోయిన తర్వాత అదే సంవత్సరం వచ్చింది. మన కర్ణాటకలో అట్లాంటి చట్టం 2017లో ఆమోదం పొంది, 2020లో అమల్లోకి వచ్చింది. ఇందులో ఒక సంవత్సరం నుంచి ఏడు సంవత్సరాల దాకా జైలు, 5,000 నుంచి 50,000 రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. కుక్క, పాము, తేలు కరిచినవాళ్లకు వైద్యం అందకుండా చేసి మంత్రాలు వేయడం నేరాల్లో ఒకటి. జ్యోతిషం, వాస్తు సలహాలను మాత్రం దీని నుంచి మినహాయించారు.

మనకు ముందు అడిగినవాళ్లు

ఇట్లా అడగడం కొత్తేమీ కాదు. డబ్బు తీసుకుని దారి చూపని దొంగ గురువులను వేమన ఎంతగా ఎగతాళి చేశాడో మనం మొదటి సంవత్సరంలోనే చదివాం. ఆయనను కన్నడిగులు కూడా తమవాడనే అనుకుంటారు. వేమన జయంతి ఇక్కడ ప్రభుత్వమే జరుపుతుంది. గురజాడ 'కన్యాశుల్కం'లో పిశాచాలను సీసాలో బంధిస్తానని చెప్పే పూజారి గవరయ్యను చూసి క్లాసులో అందరం నవ్వాం. కరపత్రం చదివేటప్పుడు మాత్రం నాకు గవరయ్య గుర్తు రాలేదు. ఈ కాలం గవరయ్య సీసాకు బదులు 'ఎనర్జీ' అంటాడు, అందుకే గుర్తుపట్టలేకపోయాను.

బెంగళూరు విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్‌గా ఉన్న భౌతికశాస్త్ర అధ్యాపకుడు హెచ్. నరసింహయ్య 1976లో మహిమలను పరీక్షించడానికి ఒక కమిటీ వేశారు. శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుల ప్రాథమిక విధి అని రాజ్యాంగంలోకి చేర్చిన 42వ సవరణ కూడా 1976లోనే వచ్చింది.

చివరగా

ఎవరైనా వైద్యం పేరుతో డబ్బు అడిగితే ఈ నాలుగు ప్రశ్నలు అడగండి. డబ్బు ముందా, ఫలితం ముందా? నయం కాకపోతే తప్పు ఎవరిది? డాక్టరు రాసిన మందు ఆపమంటున్నారా? ఆ మాట రాసి సంతకం పెట్టి ఇస్తారా?

ఇంకో సంగతి. ఎవరికైనా ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టకండి, నోట్లో ఏమీ పెట్టకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద మెత్తటిది ఏదైనా పెట్టి, టైం చూడండి. ఐదు నిమిషాలు దాటితే వెంటనే ఆస్పత్రికి తీసుకుపోండి.

మా అవ్వ ఇప్పటికీ శనివారం గుడికి పోతుంది. తమ్ముడు ఐసీయూలో ఉన్నప్పుడు ముడుపు కట్టింది, వాడు ఇంటికి వచ్చాక చెల్లించింది. పదకొండు రూపాయలు. నేనే తోడు వెళ్లాను. దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఇప్పుడు వాడి మాత్రల టైం ఫోనులో అలారం పెట్టి గుర్తుచేసేదీ అవ్వే.

మన ఇండ్లల్లో చదువు రాని పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లకు కాగితాలు చదివి వినిపించేది మనమే. వాళ్లు మన గొంతును నమ్ముతారు. కాబట్టి చదివేటప్పుడు కింది చిన్న అక్షరాలు కూడా చదువుదాం.