వెన్సిమ్ నేర్వదలచిన విద్యార్థికి

వాగునుండి చెరువునకు వచ్చు నీరెంత, తూముగుండ పొలములకు పోవు నీరెంత, ఎండకు ఇగిరిపోవునదెంత, మట్టము మించినపుడు అలుగుపై పొరలిపోవునదెంత అను నాలుగు సంగతులను మనస్సున నిలుపుకొని, ఉన్న నిల్వ రెండవ పంటకు చాలునో చాలదో చెప్పగలిగిన నీరుగంటి మన గ్రామములలో తరతరములుగా చేయుచువచ్చిన లెక్కయే, పెట్టెలుగను గొట్టములుగను బాణములుగను కంప్యూటరు తెరపై గీయబడినచో, దానికి నేడు సిస్టమ్ డైనమిక్స్ అని పేరు. ఆ చిత్రమును గీయుటకును, దాని వెనుకనున్న సమీకరణములను అడుగడుగునకు గుణించి, కాలక్రమమున నిల్వ యెట్లు మారునో రేఖలుగా చూపుటకును ఏర్పడిన సాఫ్ట్‌వేర్లలో వెన్సిమ్ ప్రసిద్ధమైనది. అమెరికాయందలి మసాచుసెట్స్ రాష్ట్రమునకు చెందిన వెంటానా సిస్టమ్స్ సంస్థవారు దానిని నిర్మించిరి.

ఈ శాస్త్రము పుట్టిన విధము తెలిసినగాని సాధనముయొక్క స్వభావము తెలియదు. నెబ్రాస్కాలోని పశుక్షేత్రమున పెరిగి, ఎం.ఐ.టి.లో వర్ల్‌విండ్ కంప్యూటరు నిర్మాణమునకు నాయకత్వము వహించి, 1956లో అచ్చటి మేనేజిమెంటు విద్యాలయమునకు మారిన జే ఫారెస్టర్‌కు, జనరల్ ఎలక్ట్రిక్ సంస్థవారితో జరిగిన సంభాషణలో ఒక చిక్కు వినవచ్చెను. కెంటకీలోని వారి గృహోపకరణముల కర్మాగారములు ఒకప్పుడు మూడు నాలుగు షిఫ్టులు నడచుచుండగా, కొన్ని యేండ్లకే సగముమంది కార్మికులను తొలగింపవలసివచ్చుచుండెను. దేశమునందలి వ్యాపారపు టాటుపోట్లే దీనికి కారణమని అందరును తలచుచుండగా, ఫారెస్టర్ మాత్రము, సరకు నిల్వను బట్టి వారు పనివారిని ఎప్పుడు చేర్చుకొందురో, ఎప్పుడు మానిపింతురో అడిగి తెలిసికొని, నోటుపుస్తకపు పుటలో పెన్సిలుతో వరుసగా లెక్క కట్టి, బయటినుండి వచ్చు ఆర్డర్లు ఏమాత్రము మారకున్నను వారి నియమములే ఆ హెచ్చుతగ్గులను పుట్టించునని చూపెను. ఈ విద్యయొక్క సారమంతయు ఆ పుటయందే కలదని నా నమ్మకము. తరువాత వచ్చిన సాఫ్ట్‌వేర్లన్నియు ఆ పెన్సిలునకు వేగము నిచ్చినవే: 1958లో రిచర్డ్ బెనెట్ వ్రాసిన సింపుల్, 1959లో ఫిలిస్ ఫాక్స్, అలెగ్జాండర్ ప్యూ వ్రాసిన డైనమో, 1985లో బారీ రిచ్‌మండ్ మాకింతోష్ కంప్యూటరుపై బొమ్మలతో నడిపించిన స్టెల్లా, ఆ వెనుక వెన్సిమ్.

తెర తెరువకమునుపు మీరును ఒక పెన్సిలు లెక్క చేయుడు. చెరువున 800 పాళ్ల నీరున్నదనుకొనుడు. దినమునకు 50 పాళ్లు వచ్చుచుండగా, ఉన్నదానిలో పదవవంతు పోవుచున్నది. మొదటి దినమున 80 పోయి 50 వచ్చుటచే 770 మిగులును. రెండవ దినమున 77 పోయి 743 మిగులును. ఇట్లు తగ్గితగ్గి, పోవునది వచ్చుదానితో సమమగు 500 దగ్గరకు నిల్వ చేరును. 200 పాళ్లతో మొదలిడినను అచ్చటికే చేరును. నిల్వను పెట్టెగా, అనగా స్టాకుగా గీసి, వచ్చు నీటిని పోవు నీటిని కవాటముగల గొట్టములుగా, అనగా ఫ్లోలుగా గీసి, నిల్వనుండి బయటి గొట్టమునకు ఒక బాణము వేసినచో వెన్సిమ్‌లో ఈ మోడల్ పూర్తియగును. ఆ బాణమువలన ఏర్పడినదే ఫీడ్‌బ్యాక్ వలయము. తనను తాను నిలుపుకొను వలయమిది. ఒకని బోరు ఎండుటచే మరింత లోతు త్రవ్వించుట, దానిచే పొరుగువాని బోరు ఎండుట, అతడును త్రవ్వించుట మరియొక జాతి వలయము; అది తన్ను తానే పెంచుకొనును. ఈ యేటి మిరప ధర చూచి మరుసటి యేడు అందరును మిరపయే వేయుటచే ధర పడిపోవుట గుంటూరు రైతునకు వేరుగా చెప్పనక్కరలేదు. వలయమునందు జాప్యము చేరిన ఫలమది.

నేర్చుకొనువారు సాధారణముగా చేయు పొరపాటొకటి కలదు. మొదటి వారముననే నూరు చలరాశులతో పెద్ద చిత్రము గీసి, రేఖ వంపు తిరిగినందులకు సంతోషించి, అది యెందుకట్లు తిరిగినదో చెప్పలేక నిలిచిపోవుదురు. చిన్న మోడలుతో మొదలిడి, ప్రతి సమీకరణమునకు కొలమానము వ్రాసి, వెన్సిమ్‌నందలి యూనిట్ల తనిఖీచే సరిచూచి, కాలపుటడుగును సగమునకు తగ్గించినపుడు ఫలితము మారుచున్నదేమో పరీక్షించి, కడకు శూన్యము, అత్యధికము వంటి అసాధారణ విలువలతో దానిని శోధించువాడే ఈ వృత్తికి తగినవాడు. ఖాళీ చెరువునుండి నీరు పారుచున్నట్లు చూపు మోడల్, ఎంత అందముగా నున్నను, తప్పు.

పరికరములకు ధనము అవసరము లేదు. వెన్సిమ్‌నందు పి.ఎల్.ఇ. అను కూర్పు విద్యార్థులకు ఉచితము; ఇన్‌సైట్ మేకర్ బ్రౌజరులోనే నడచును; పైథాన్ తెలిసినవారు పైఎస్‌డీ ద్వారా వెన్సిమ్ మోడళ్లను అచ్చట నడపవచ్చును. జాన్ స్టెర్మన్ 2000లో వెలువరించిన బిజినెస్ డైనమిక్స్ ఈ రంగమున ప్రామాణిక గ్రంథము. ఇందే ప్రత్యేకముగా స్నాతకోత్తర విద్య నేర్వగోరువారికి నార్వేలోని బెర్గెన్ విశ్వవిద్యాలయము కలదు.

ఉద్యోగమును గూర్చి దాపరికము లేక చెప్పవలెను. కేవలము ఈ సాఫ్ట్‌వేరు పేరుతో వెలువడు ప్రకటనలు అరుదు. దీనినొక్కదానినే నమ్ముకొని పట్టా చేతబట్టుకొని బయలుదేరుట తగదు. నీటిపారుదల, విద్యుత్తు, ప్రజారోగ్యము, సరకు రవాణా, పర్యావరణ విధానము మున్నగు రంగములలో ఒకదానిని లోతుగా ఎరిగినవానికి ఇది రెండవ చేయిగా ఉపకరించును. వాతావరణ విధానములను పోల్చి చూచుటకు క్లైమేట్ ఇంటరాక్టివ్, ఎం.ఐ.టి., వెంటానా వారు కలసి నిర్మించిన ఎన్‌రోడ్స్ అట్టి కూటమి ఫలమే. ఇంటర్వ్యూలో మిమ్ము నిలబెట్టునది మెనూల పరిచయము కాదు. మీరు స్వయముగా గీసి, పరీక్షించి, దాని హద్దులతో సహా రెండు పుటలలో వివరింపగలిగిన ఒక మోడల్.

కావున ఈ సెలవులలో మీ ఊరి చెరువుగట్టునకు పోవుడు. తూము వెడల్పును, అలుగు ఎత్తును కొలువుడు. ఏ నెలలో ఎంత నీరు విడుతురో నీరుగంటిని అడిగి వ్రాసికొనుడు. మీ మొదటి మోడలునకు ఆ అంకెలు చాలును.